ఆవిణ్ణి గౌను తేల్చిందట!

పోర్చుగల్ దేశంలో 'బార్కా వెల్యా' అని ఒక ఎర్ర వైన్ వుంది. 'పాత పడవ' అని అర్థం. ద్రాక్షతోట దగ్గర డోరో నదిని దాటించే పాత పడవ ఒకటి వుండేదట, ఆ పేరే దీనికి పెట్టారు. వైన్ రుచి చూసి వ్యాసాలు రాయడమే వృత్తిగా వున్న మహానుభావులు దీని పేరెత్తితే చాలు, గర్భగుడి ముందు నిలబడ్డట్టు గొంతు తగ్గించేస్తారు. ఎందుకంటే ఇది ఏటా రాదు. 1952 పంటతో మొదలుపెట్టి 2015 పంట దాకా లెక్కేస్తే ఓ ఇరవైసార్లు వచ్చిందేమో. పంట బాగుందనుకున్న ఏడాది తయారుచేసి, ఏళ్ళ తరబడి చీకట్లో మగ్గబెట్టి, మళ్ళీ మళ్ళీ రుచి చూసి, సరే అనుకుంటేనే ఆ పేరు పెడతారు. కాదనుకుంటే ఒక మెట్టు దించి ఇంకో పేరుతో అమ్మేస్తారు. మన పెళ్ళిచూపుల్లో కూడా ఇంత నిదానం లేదు!

కుటుంబ పత్రికలో ఈ మద్యం కబుర్లేమిటని ముక్కు చిట్లించకండి. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద ఎందుకు తిరగబడ్డారో మీతోపాటు నాకూ తెలుసు. మిమ్మల్ని తాగమని నేను చెప్పడం లేదు. ఆ సీసా చుట్టూ అల్లిన కథలో ఒక ఆడమనిషిని కూర్చోబెట్టిన చోటు నాకు నచ్చలేదు. దాని గురించే నా పోట్లాట.

కథ ఎప్పుడూ ఒకే చోట మొదలవుతుంది. ఫెర్నాందో నికొలావ్ ద అల్మైదా అనే పెద్దమనిషి ఫెర్రైరా కంపెనీలో వైన్ నిపుణుడు. డోరో లోయలో అందరూ చేసేది పోర్ట్ వైన్. పులుస్తున్న ద్రాక్షరసంలో మధ్యలోనే ఘాటైన ద్రాక్షసారా కలిపేసి, తీపి మిగిలేలా చేస్తారు. ఈయన ఫ్రాన్స్‌లో బోర్డో వెళ్ళి చూసొచ్చి, అలా సారా కలపకుండా, భోజనంతో పుచ్చుకునే వైన్ ఇక్కడెందుకు చెయ్యకూడదనుకున్నాడు. ఆ లోయలో ఎండ మన రెంటచింతలకేమీ తీసిపోదు. రసం వేడెక్కితే చెడుతుంది. తోటలో కరెంటు లేదు. అందుకని సముద్రం ఒడ్డునున్న మతోజిన్యోస్ నుంచి లారీల్లో ఐసు దిమ్మలు తెప్పించి చల్లబరిచాడు. గొప్ప సంగతే, కాదనను. పట్టుదల గల మనిషి. ఆయన తర్వాత ఆ వైన్ బాధ్యత చేతులు మారినా, మొదటి అరవై ఏళ్ళలో ఆ పీటమీద కూర్చున్నవాళ్ళు ముగ్గురే. ముగ్గురూ మగవాళ్ళే. ద్రాక్ష కొయ్యడం మాత్రం ఆ లోయలో తరతరాలుగా ఆడవాళ్ళ పని, వాళ్ళకిచ్చే కూలి మగవాళ్ళకంటే తక్కువ. ఈ ముక్క ఏ రుచుల వ్యాసంలోనూ కనిపించదు లెండి.

ఐసు సరే, ఆ లారీలు ఎక్కడికెళ్ళాయి? 'వాలె మెయావో' అనే తోటకి. (పిల్లికూత కాదండీ, ఊరి పేరే అంత.) ఆ తోట, ఆ రాతి తొట్లు, ఆ గిడ్డంగులు ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? వాటిని నిలబెట్టింది దోనా ఆంటోనియా అదెలైద్ ఫెర్రైరా. 1811లో పుట్టి 1896లో పోయింది. ఆవిణ్ణి మరిచిపోయారని నా ఫిర్యాదు కాదు. 2004లో పోర్చుగల్ టీవీలో ఆవిడ మీద సీరియల్ కూడా వచ్చింది. గుర్తుపెట్టుకున్న తీరు చూస్తేనే ఒళ్ళు మండుతుంది. ఆవిడ గురించి ముచ్చటగా మూడు ముక్కలు చెబుతారు: గౌను, దయ, ముద్దుపేరు.

మొదట గౌను. 1861 మే నెలలో ఆవిడా, జోసెఫ్ ఫారెస్టర్ అనే ఇంగ్లీషు వర్తకుడూ కలిసి వెళ్తున్న పడవ డోరో సుడుల్లో తిరగబడింది. డోరో నదికి చక్కని పటాలు గీసిన మనిషి ఫారెస్టర్. ఆయన మునిగిపోయాడు, శవం కూడా దొరకలేదు. ఆవిడ బతికింది. ఇక చూస్కోండి! ఆయన నడుముకి బంగారు నాణేల సంచీ వుందట, అందుకు మునిగాడట. ఆవిడది గొడుగులా ఉబ్బే గౌనట, గాలి నిండి తేలిందట. నూట అరవై ఏళ్ళుగా ఇదే కథ, ఇదే ముసిముసి నవ్వు. మగవాణ్ణి ముంచింది కూడా వాడి సంపాదనే, ఆడదాన్ని తేల్చింది దాని బట్టలే! మైళ్ళకొద్దీ కొండల్ని తోటలుగా మార్చిన మనిషి జీవితంలో ముందు చెప్పదగ్గది అదేనా?

ఆ పడవ సంగతికి పదిహేడేళ్ళ ముందు, 1844లో ఆవిడ భర్త పోయాడు. ఆవిడ మేనరికం చేసుకున్న బావే ఆయన. విలాసాలకీ, ఖర్చుకీ పేరు మోసిన పురుషుడు. ఆవిడకప్పుడు ముప్ఫై మూడేళ్ళు, ఇద్దరు పిల్లలు. పుట్టింటి ఆస్తీ మెట్టింటి ఆస్తీ కలిసి ఒక్కచోట వున్నా, ఆయన బతికున్నన్నాళ్ళూ పెత్తనం ఆయనదే. ఆనాటి చట్టం ప్రకారం భార్య ఆస్తికైనా సంతకం మొగుడిదే. మొగుడు పోతేనే ఆవిడకి కలం చేతికొచ్చింది. ఈ మాట నేను వెటకారానికి అనడం లేదు. ఫ్రాన్స్‌లో షాంపేన్ చేసే 'వవ్ క్లికో' కంపెనీ కథా ఇంతే. 'వవ్' అంటే విధవ. ఇరవై ఏడో ఏట, 1805లో భర్త పోయిన ఇల్లాలు ఆ వ్యాపారం చేతిలోకి తీసుకుంది. ఇప్పటికీ ప్రతి సీసా మీదా ఆ మాట వుంది. పెళ్ళిపందిట్లో ఎదురు రాకూడదని మనం పక్కకి నెట్టే మాటని అక్కడ వాళ్ళు పెళ్ళి విందుల్లోనే తెరిచి పోసుకుంటారు. బాగానే వుంది. కానీ తెలివైన ఆడది తెలివి చూపించుకోడానికి విధవ అయ్యేదాకా ఆగాల్సి రావడమేమిటని ఒక్క రసికుడికీ తోచదు.

కూతురి సంగతి విన్నారా? ఆ దేశాన్ని అప్పట్లో ప్రధానమంత్రిగా ఏలుతున్నవాడు సల్దాన్యా ప్రభువు. తన కొడుక్కి ఆవిడ కూతుర్నిమ్మని అడిగాడు. పిల్లకి పన్నెండేళ్ళు నిండీ నిండని వయసు. పిల్ల మీద కన్నా ద్రాక్షతోటల మీదే ప్రభువు గారి చూపని వేరే చెప్పాలా? ఆవిడ ఇవ్వనంది. బలవంతాన ఎత్తుకుపోయే పన్నాగం తెలిసి, పల్లెటూరి మనుషుల్లా వేషం వేసుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని స్పెయిన్ సరిహద్దు దాటేసి, అక్కణ్ణించి లండన్ చేరింది. దేశం ఏలేవాడికి 'ఇవ్వను' అని చెప్పిన తల్లి అండీ! మన ఇళ్ళల్లో ఇంజనీరు సంబంధం వస్తేనే పిల్లని అడగడం మానేస్తాం.

ఇక దయ. 'పేదల తల్లి' అంటారు. ఆస్పత్రులకిచ్చింది, కాదనను. కానీ 1868 ప్రాంతంలో పంట విరగపండి ధరలు పడిపోతే, రైతుల దగ్గర వైన్ కొని గిడ్డంగులు నింపింది. ఆ వెంటనే ఫిలోక్సెరా అనే పురుగు పడి తీగల వేళ్ళు తినేసింది. వైన్‌కి కరువొచ్చింది. నింపిపెట్టుకున్న సరుకు మంచి ధరకి ఇంగ్లీషు వాళ్ళకి అమ్మింది. ఇదే పని మీసాలున్నవాడు చేస్తే ఏమంటారు? ముందుచూపు, వ్యాపారదక్షత అంటారు. ఆవిడ చేస్తే మాత్రం జాలిగుండె! రైతు నిలదొక్కుకున్నాడు, ఆవిడకీ లాభమొచ్చింది. ఆ రెండో ముక్క పైకి అంటే ఆవిడ పరువేం పోతుంది? ఆడదానికి లెక్కలొచ్చని ఒప్పుకోడం కంటే కన్నీళ్ళొచ్చని చెప్పడం తేలిక కాబోలు.

వాలె మెయావోకి వస్తాను. 1877లో ఫోజ్ కోవా పురపాలక సంఘం వేలం వేస్తే ఆవిడ పాడుకున్న భూమి అది. మూడువందల హెక్టార్లు, మన లెక్కలో ఏడువందల నలభై ఎకరాలు. రాళ్ళూ పొదలూ తప్ప మరేమీ లేవు. రైలు ఆ దరిదాపులకొచ్చింది ఇంకో పదేళ్ళకి, 1887లో. అప్పటికే ఇరవైకి పైగా తోటలున్న మనిషి, అరవై ఆరేళ్ళ వయసులో, పురుగు తినేసిన లోయలో, కొత్తగా రాళ్ళు పగలగొట్టించడం మొదలుపెట్టింది! ఆ వయసులో మనం కోడలి వంటకి వంకలు పెడుతూ, మోకాళ్ళకి నూనె రాసుకుంటూ కూర్చుంటాం. దారులు వేయించింది, ఇళ్ళు, గుడి, గిడ్డంగులు కట్టించింది, తీగలు నాటించింది. అంతా ఓ కొలిక్కొచ్చేసరికి ఆవిడకి నూకలు చెల్లాయి. అర్ధశతాబ్దం పైన గడిచాక ఫెర్నాందో గారి ఐసు వెళ్ళింది ఆ గిడ్డంగుల్లోకే. 1998 తర్వాత ఆవిడ వంశీకులు కంపెనీ నుంచి విడిపోయి, ఆ నేల పేరుతోనే సొంతంగా వైన్ తీస్తున్నారు. బార్కా వెల్యాకి ద్రాక్ష ఇప్పుడు వేరే తోటనుంచి వస్తోంది. పేరు మాత్రం ఆ పాత రేవుదే.

చివరికి ముద్దుపేరు. ఊళ్ళోవాళ్ళు ఆవిణ్ణి 'ఫెర్రైరిన్యా' అనేవారు. అంటే 'చిన్న ఫెర్రైరా', 'చిట్టి ఫెర్రైరా' అన్నమాట. మనం డెబ్భై ఏళ్ళ ముసలమ్మని 'పాపమ్మ' అన్నట్టు. ఊళ్ళోవాళ్ళు నోరారా పిలిచారు, వాళ్ళ చనువు వాళ్ళిష్టం. ఆ పేరు పట్టుకెళ్ళి వైన్ కంపెనీ బోర్డు మీద రాశారు. ఇప్పుడు వ్యాసాల్లో వైన్ చేసినాయన మూడు బారల పేరుతో దర్శనమిస్తాడు, ఆ వాక్యం పక్కనే ఆ కొండల్ని తొలిపించినావిడ చిట్టి ఫెర్రైరా. ఇదేమిటని అడిగితే, అయ్యో, ప్రేమతో పిలిచారండీ అంటారు. అలాగే కానివ్వండి. పోర్చుగీసు భాషలో మగవాళ్ళకీ ఆ తోక తగిలించొచ్చు, సుబ్బరంగా అతుకుతుంది. ఆ ఫెర్నాందో గారిని కూడా రేపటినుంచి 'ఫెర్నాందిన్యో' అని రాయండి మరి, చూద్దాం.