బయ్యారపు ఇనుము

వైరా మొదలు భద్రాచలపు అడవులవరకు ఏ పఠనాలయమున నలుగురు చేరినను బయ్యారపు ఉక్కు ప్రసంగము రాక మానదు. 2014 సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టమున, ఖమ్మము జిల్లాలో సమగ్రమగు ఉక్కు కర్మాగారము స్థాపించుటకు గల సాధ్యాసాధ్యములను భారత ఉక్కు ప్రాధికార సంస్థ ఆరు మాసములలో పరీక్షింపవలెనని వ్రాయబడినది. పరీక్షింపవలెనన్న మాటయే కలదు గాని స్థాపింపవలెనన్న మాట లేదు. ఈ రెంటి నడుమనే మన యాశలన్నియు చిక్కుకొని యున్నవి. ప్రాథమిక నివేదిక లాభసాటి కాదనెను. 2016లో కార్యదళ మొకటి యేర్పడెను. ఆ యేడే బయ్యారము మహబూబాబాదు జిల్లాలో చేరెను. జిల్లా మారినది, కర్మాగారము రాలేదు.

ఖనిజము నాసిదను మాట పదేపదే వినుచున్నాము. ఆ మాటకర్థమేమి? శుద్ధమగు మాగ్నటైటున, అనగా అయస్కాంత శిలలో, నూటికి 72 పాళ్లు, హెమటైటున 70 పాళ్లు ఇనుముండును. కాని ప్రకృతిలో నవి శుద్ధముగా దొరకుట యరుదు. పెక్కుచోట్ల ఇనుపపొరయు పలుగురాతిపొరయు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. పలుగు హెచ్చినకొలది ఇనుము తగ్గును. కొలిమిలో దానిని చిట్టెముగా మార్చి తొలగించుటకు సున్నపురాయియు బొగ్గును అంతకంతకు వ్యయమగును. బైలదిల్లా కొండలలో నూటికి 60కి పైబడిన ఇనుముగల రాయి దొరకుచున్నది. బయ్యారమున కట్టి భాగ్యము లేదు.

అయినను నాసిరాయి పనికిరాని రాయి కాదు. అమెరికాలోని మినెసోటా రాష్ట్రమున ముప్పది పాళ్ల ప్రాంతపు టాకొనైటు రాతిని మెత్తగా నూరి, అయస్కాంతముచే ఇనుపరజమును వేరుపరచి, ఉండలుగా కాల్చి వాడుచున్నారు. సింగరేణి బొగ్గు కోకునకు తగదందురు, నిజమే. కాని ఆ బొగ్గుతోడనే పాల్వంచలో 1980లో స్పంజి ఇనుము తయారగుట మొదలైనది! ఆ కర్మాగారము 2010లో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థలో కలిసినది. నిజామాబాదు సీమలోని కోనసముద్రపు కమ్మరులు మూసలలో కరగించిన ఉక్కుకై పూర్వము పారసీక వర్తకులు వచ్చెడివారు. విద్య మనకు క్రొత్తది కాదు.

అయితే రాతిని నూరుటకు నీరు కావలెను; నూరగా మిగిలిన బురదకు చోటు కావలెను. ఆ బురద చెరువులలో చేరినచో పొలములేమగును? ఈ కొండలను నమ్ముకొని కోయలు, లంబాడీలు బ్రతుకుచున్నారు. అనుసూచిత ప్రాంతములలోని భూములను గిరిజనేతరులకు గనుల కౌలుకియ్యరాదని 1997లో సమతా వ్యాజ్యమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. ఉక్కు పేరుచెప్పి ఆ తీర్పును దాటజూచువారి నెవ్వరిని మేము సమర్థింపజాలము.

మేము కోరునది రెండే మాటలు. రాయెంత, అందు ఇనుమెంత, ఎంత లోతున గలదు, శుద్ధికి వ్యయమెంత, నీరెక్కడిది, ఈ లెక్కలన్నియు తెలుగున అచ్చువేసి గ్రామసభల ముందుంచవలెను. అటుపిమ్మట కట్టుదురో కట్టరో నిర్ణయించి, గడువుతో చెప్పవలెను. కట్టలేమన్నచో యువకులు మరియొక దారి వెదకుకొందురు. కట్టెదమన్నచో పునాదిరాయి కంటె ముందు గిరిజనుల సమ్మతి రావలెను. ఎన్నికకొకమారు త్రవ్వి, ఎన్నిక ముగియగనే పూడ్చు గనిగా మాత్రము బయ్యారమును మిగుల్పరాదు.