1600 మీటర్లు దాటాక మొదలయ్యే అసలు పరీక్ష

2023 మార్చి 16 రాత్రి సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో ఆరుగురు చనిపోయారు. అందరూ మన వయసువాళ్లే. ఉద్యోగం కోసం ఊళ్ల నుంచి హైదరాబాద్ వచ్చి ఓ మార్కెటింగ్ కంపెనీలో చేరారు. వాళ్ల ప్రాణం తీసింది పొగ. రెండేళ్ల తర్వాత 2025 మే 18 తెల్లవారుజామున చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒకే ఇంట్లో 17 మంది పోయారు. అందులో ఎనిమిది మంది పిల్లలు. అక్కడా పొగే, ఇరుకైన దారే, ఇరుకైన మెట్లే.

ఈ రెండు ఘటనలనూ మనం టీవీలో చూసి ‘అయ్యో’ అనుకున్నాం. ఫైర్‌మన్ ఉద్యోగానికి ప్రిపేరవుతున్నవాళ్లు మాత్రం ఇంకో ప్రశ్న వేసుకోవాలి: ఆ మెట్ల మీద మొదట అడుగుపెట్టాల్సింది నేనే అయితే?

సెలక్షన్ ఈ ప్రశ్న అడగదు. 2022లో తెలంగాణ పోలీస్ నియామక మండలి 610 ఫైర్‌మన్ పోస్టులు ప్రకటించింది. అవి కానిస్టేబుల్ పోస్టులతో కలిసే వచ్చాయి. 1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్, తర్వాత రాతపరీక్ష. అందుకే చాలామందికి ఫైర్‌మన్ అంటే కానిస్టేబుల్ రాకపోతే పెట్టుకునే రెండో ఆప్షన్. కోచింగ్ సెంటర్లలో అడిగి చూడండి, ‘ఏదో ఒక యూనిఫాం’ అంటారు. తప్పేం లేదు, ఉద్యోగం ఉద్యోగమే. కానీ ఆ పరుగులో కొలిచేది కాళ్లను. డ్యూటీలో తేలేది ఊపిరి సంగతి.

మా బీటెక్ క్లాస్‌మేట్ ఒకడు ఆ బ్యాచ్‌లోనే సెలక్టయ్యాడు. ట్రైనింగ్ అయ్యాక కలిసినప్పుడు వాడు చెప్పిన మాట ఇది. ‘రన్నింగ్‌లో ఫస్ట్ ముగ్గురిలో ఉండేవాణ్ని రా. సెట్ వేసి పొగగదిలోకి పంపితే మూడు నిమిషాలకే మాస్క్ పీకేద్దామనిపించింది.’ కారణం అలసట కాదట. కళ్లకు ఏమీ కనపడదు, సొంత శ్వాస చప్పుడే చెవుల్లో మోగుతుంది, గుండె పరుగెడుతుంది. గుండె పరుగెత్తిందంటే గాలి ఎక్కువ ఖర్చవుతుంది.

థర్మోడైనమిక్స్ పాస్ మార్కులతో గట్టెక్కినవాణ్నే అయినా, ఈ లెక్క నాకు భలే నచ్చింది. బ్రీతింగ్ ఆపరేటస్ సెట్‌ను స్టేషన్లలో బీఏ సెట్ అంటారు. మామూలుగా వాడే సిలిండర్ ఆరు లీటర్లది, అందులో గాలిని 300 బార్ ఒత్తిడితో నింపుతారు. అంటే సుమారు 1,800 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్ల చొప్పున 45 నిమిషాలు వస్తుందని కంపెనీ చెబుతుంది. ఇప్పుడు నీళ్లు నిండిన హోస్ పైపు లాక్కుంటూ మూడు అంతస్తులు ఎక్కండి. నిమిషానికి 70 లీటర్లు సులువుగా లాగేస్తారు. సుమారు 50 బార్ దగ్గర విజిల్ మోగుతుంది. ఆ తర్వాత మిగిలే 300 లీటర్లూ అత్యవసరానికి మాత్రమే. అంటే చేతిలో ఉన్నది 1,500 లీటర్లు, దాదాపు 21 నిమిషాలు. లోపలికి వెళ్లడం, వెతకడం, తిరిగి బయటపడటం అన్నీ అందులోనే.

కొత్తవాళ్లు చేసే తప్పు విజిల్ మోగేదాకా లోపలే ఉండటం. విజిల్ మోగేసరికి మీరు గుమ్మం దగ్గరో బయటో ఉండాలి, మూడో గదిలో కాదు. లోపలికి వెళ్లడానికి 80 బార్ ఖర్చయితే రావడానికీ కనీసం అంత కావాలి, పైగా బయటికి వచ్చేటప్పుడు మీ భుజం మీద మనిషి ఉండొచ్చు. అందుకే గుమ్మం దగ్గర ఒకరు బోర్డు పట్టుకుని ఎవరు ఎప్పుడు ఎంత ప్రెషర్‌తో లోపలికి వెళ్లారో రాసుకుంటారు. చూడ్డానికి క్లర్కు పనిలా ఉంటుంది. లోపల ఉన్నవాడి ప్రాణం ఆ బోర్డు మీదే ఉంటుంది. మొదటి ఏడాది ఆ పని మీకిస్తే చిన్నతనంగా అనుకోకండి.

ఇంకో అలవాటు గురించి కూడా చెప్పాలి. మంట ఆరిపోయాక, పొగ పల్చబడ్డాక మాస్క్ తీసేసి, మూతికి తడి టవల్ కట్టుకుని శిథిలాలు తిరగేయడం. తడి గుడ్డ మసిని కాస్త ఆపుతుందేమో గానీ కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపలేదు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. లోలోపల రాజుకుంటున్న పరుపులు, బట్టల మూటలు దాన్ని వదులుతూనే ఉంటాయి. సీనియర్ అన్న మాస్క్ లేకుండా తిరుగుతున్నాడంటే ఆయన ఊపిరితిత్తులు ఉక్కువని కాదు.

నీళ్ల సంగతీ అంతే, చూసినంత సింపుల్ కాదు. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 1,700 లీటర్ల జాగా కావాలి. మూసి ఉన్న వేడి గదిలోకి అత్యుత్సాహంతో నీళ్లు గుమ్మరిస్తే ఆ ఆవిరి నేరుగా మన మీదికే వస్తుంది. 4,500 లీటర్ల ఫైరింజన్ ట్యాంకు నిమిషానికి 450 లీటర్ల చొప్పున పది నిమిషాల్లో ఖాళీ. అప్పటికి రెండో బండి నీళ్లు అందకపోతే లోపలున్నవాళ్ల చేతిలో ఉత్త పైపే మిగులుతుంది. తలుపు తెరవడానికి ముందు చేతి వెనకభాగంతో వేడి చూడటం, కిందికి వంగి ఉండటం, గోడను వదలకుండా వెళ్లడం, చీకట్లోనూ ముడి వేయగలగడం... ట్రైనింగ్‌లో ఇవన్నీ నేర్పుతారు. విసుగొచ్చేదాకా చేయిస్తారు. ఆ విసుగే తర్వాత పనికొస్తుంది. ఎందుకంటే భయంలో బుర్ర పనిచేయదు, చేతులు మాత్రం అలవాటైన పని చేసుకుపోతాయి.

కానీ ప్రమాదాలు మారిపోయాయి, నా ఆందోళన అక్కడే. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ బైక్‌ల షోరూంలో మంటలు లేస్తే పైన లాడ్జిలో ఉన్న ఎనిమిది మంది చనిపోయారు. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింద పెట్టిన కెమికల్ డ్రమ్ములు అంటుకుని తొమ్మిది మంది పోయారు. లిథియం బ్యాటరీలో మంట కనపడకుండా పోయినా లోపలి సెల్స్ ఒకదాన్నొకటి వేడెక్కిస్తూనే ఉంటాయి. గంటల తర్వాత మళ్లీ అంటుకోవచ్చు. వచ్చే పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విషవాయువులు ఉంటాయి. 2020 మేలో విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో అసలు మంటే లేదు, ఉన్నది స్టైరీన్ ఆవిరి. కాబట్టి ఇంటర్‌లో తప్పించుకు తిరిగిన కెమిస్ట్రీ ఇక్కడ ఎదురొస్తుంది. డ్రమ్ము మీద గుర్తు చదవగలిగినవాడికీ చదవలేనివాడికీ మధ్య ఉన్న తేడా ర్యాంకులో కనపడదు, ఆసుపత్రిలో కనపడుతుంది.

ఇలాంటి వాటికి కొత్త రిక్రూట్‌ను సిద్ధం చేయడానికి దొరికే టైం కొన్ని నెలలే. పదిహేనో ఆర్థిక సంఘం సిఫారసుతో కేంద్రం రాష్ట్రాల అగ్నిమాపక సేవల ఆధునికీకరణకు 5,000 కోట్ల రూపాయల పథకం పెట్టింది. శిక్షణ కేంద్రాల బలోపేతం కూడా అందులో ఉంది. కానీ వార్తల్లో మనకు కనపడేది జెండా ఊపి పంపే కొత్త బండ్లే. ఒక్కో రిక్రూట్ పొగగదిలో ఎన్ని గంటలు గడిపాడు, బ్యాటరీ మంటను కళ్లతో చూశాడా అన్నది ఎవరూ అడగరు. నన్నడిగితే బండ్ల సంఖ్య కంటే ముందు బయటపెట్టాల్సిన లెక్క ఇది.

ఒంటి సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అగ్నిమాపక వృత్తిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా, మొదటి గ్రూపులో చేర్చింది. పొగ ఒక్కటే కారణం కాదు, చర్మం మీద పేరుకునే మసి కూడా. మసి పట్టిన యూనిఫాం మగతనానికి గుర్తు అనుకునే రోజులు పోవాలి. కాల్ నుంచి రాగానే స్నానం, మెడ, చెవుల వెనక శుభ్రం. డ్యూటీ కోటును పడుకునే గదిలో వేలాడదీయొద్దు, ఇంటికి తీసుకెళ్లి పిల్లల బట్టలతో కలిపి అస్సలు ఉతకొద్దు. మనసుకూ మసి పడుతుంది. మొదటిసారి చిన్నపిల్లను మోసుకొచ్చిన రాత్రి నిద్ర పట్టకపోతే అది పిరికితనం కాదు. స్టేషన్‌లో ఎవరో ఒకరితో మాట్లాడండి. వారాల తరబడి అలాగే ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇక నోటిఫికేషన్ల గొడవ. ఆంధ్రప్రదేశ్‌లో 2018 నోటిఫికేషన్‌లో 400 ఫైర్‌మన్ పోస్టులు వచ్చాయి. 2022లో 6,100 కానిస్టేబుల్ పోస్టులు వేస్తే అందులో ఫైర్‌మన్ ఒక్కటీ లేదు. ఒకే పరీక్షను నమ్ముకుని గదిలో కూర్చుంటే వయసు దాటిపోతుంది. సీఐఎస్ఎఫ్ 2024లో 1,130 కానిస్టేబుల్ ఫైర్ పోస్టులకు పిలిచింది. ఇంటర్ సైన్స్ ఉండాలి, 24 నిమిషాల్లో ఐదు కిలోమీటర్లు పరుగెత్తాలి, వయసు పరిమితి 23 ఏళ్లే. డిగ్రీ అయ్యాక చూద్దాంలే అనుకునేవాళ్లకు అప్పటికి గేటు మూసేసినట్టే. విమానాశ్రయాల ఫైర్ సర్వీస్ పోస్టులకు డ్రైవింగ్ లైసెన్సు అడుగుతారు, అది చివరి నిమిషంలో పుట్టదు. డిగ్రీ ఉన్నవాళ్లకు స్టేషన్ ఫైర్ ఆఫీసర్ దారి ఉంది గానీ 2022లో తెలంగాణలో ఆ పోస్టులు 26 మాత్రమే.

ఇక్కడే ‘ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా, వంద శాతం ప్లేస్‌మెంట్’ అనే ఫ్లెక్సీలు రంగంలోకి దిగుతాయి. రాష్ట్రాల ఫైర్‌మన్ పోస్టుకు అడిగేది ఇంటర్. ఈ డిప్లొమా లేకపోయినా అప్లై చేయొచ్చు, ఉన్నా పరుగు తప్పదు. ప్రైవేటు ఫ్యాక్టరీల్లో, గల్ఫ్‌లో పని కోసం చేరాలనుకుంటే సరే. కానీ ఫీజు కట్టే ముందు మూడు చూడండి: ఆ సర్టిఫికెట్‌ను ఏ ప్రభుత్వ బోర్డు గుర్తించింది, ప్రాక్టికల్ గ్రౌండ్ ఉందా, అక్కడి బీఏ సెట్లు పనిచేస్తున్నాయా. మా జిల్లాలో ఒకచోట వాకబుకు వెళ్తే గోడకు తగిలించిన రెండు ఎర్ర సిలిండర్లు చూపించి ‘ఇదే మా ల్యాబ్’ అన్నారు. దాని పక్కనే ఏసీ కౌంటర్, కార్డు స్వైప్ మెషీన్ మాత్రం బాగా పనిచేస్తున్నాయి. దేశంలో ఈ చదువుకు పాత పేరు నాగ్‌పూర్‌లోని నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీది, 1956లో మొదలైంది. ఏ సంస్థ సిలబస్‌నైనా దాని పక్కన పెట్టి చూడండి.

ఏటా ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో అదే రోజు బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలి 66 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు, వాళ్ల గుర్తుగా. ఆ వారంలో స్టేషన్ల గేట్లు మామూలు జనానికీ తెరిచి ఉంటాయి, అడిగితే సామాను చూపిస్తారు. వెళ్లండి. సెల్ఫీ అయ్యాక అక్కడున్న అన్నను బతిమాలి బీఏ సెట్ వీపుకు తగిలించుకుని, మాస్క్ పెట్టుకుని, కళ్లు మూసుకుని ఒక అంతస్తు మెట్లు ఎక్కి దిగండి. ఎక్కేముందు గేజ్‌లో ఎంత ఉంది, దిగాక ఎంత ఉంది, రెండూ రాసుకోండి.