పొరుగుదేశపు కొలువు

పరదేశమున కేగి ధనము గడించుట మంచిదా, స్వదేశమున నుండి ఉన్నదానితో తృప్తిపడుట మంచిదా యను ప్రశ్న మన యిండ్లలో తఱచుగా వినబడుచున్నది. ఉప్పలులోనో, పోచారములోనో కంప్యూటరు ఉద్యోగము చేయు యువకుడు రెండు మూడేండ్లు గడచునప్పటికి మఱియొక దేశమునకు బోవ దలపెట్టుట నేడు సామాన్యమైనది. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వము క్రొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలరుల రుసుము విధించినది మొదలు, దూరదేశములపై ఆశ వదలి సమీపదేశములవైపు చూచువారును గలరు. ఈ విషయమున నాకు దోచిన నాలుగు మాటలను విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవించుకొనుచున్నాను.

వలసను నిందించుటకు మౌలాలివారికి అధికారము లేదని మొదటనే చెప్పవలసియున్నది. మన వీధులలో నివసించువారిలో ఎందఱు ఈ గుట్టనీడను బుట్టినవారు? రైల్వే ఇంజనుల షెడ్డులో పనికై వచ్చినవారు కొందఱు, నాచారము కర్మాగారములకై వచ్చినవారు కొందఱు, 1967లో ఇ.సి.ఐ.ఎల్. స్థాపితమైన పిదప దానిని నమ్ముకొని వచ్చినవారు మఱికొందఱు. తాత జిల్లా దాటెను. మనుమడు సముద్రము దాటగోరుచున్నాడు. అందు దోషము లేదు. పోవుట తప్పుగాదు; తెలియక పోవుటయే ముప్పు.

తెలుగువారికి పొరుగుదేశపు కొలువు క్రొత్తది గాదు. బర్మా 1937 ఏప్రిలు 1వ తేదీ వఱకు బ్రిటిషు ఇండియాలో నొక భాగమై యుండెను. గోదావరి, విశాఖపట్టణము, గంజాము జిల్లాల నుండి లక్షకు మించిన తెలుగువారు రంగూను రేవులోను, బియ్యపు మిల్లులలోను కూలిచేసి జీవించిరి. కోరంగి రేవు పేరిట అచ్చట వారిని ‘కోరంగీలు’ అని పిలిచెడివారు. వారిని కొనిపోయినవాడు మేస్త్రి. అతడు గ్రామమునకు వచ్చి, ఇంటివారి చేతిలో బయానా పెట్టి, ఓడ కూలి తానే చెల్లించి, ఆ మొత్తమును వారి కూలిలోనుండి రాబట్టుకొనెడివాడు. అప్పు తీరువఱకు కూలివాడు అతని మనిషియే. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలకును బర్మావారికిని సంభవించిన ఘర్షణలో పలువురు మడిసిరి. 1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడిన పిమ్మట లక్షలాది భారతీయులు అరకాను, అస్సాము మార్గముల కాలినడకను బయలుదేరగా, త్రోవలోనే వేలమంది ప్రాణములు విడిచిరి. మిగిలినవారిలో ననేకులు 1960లలో సర్వము గోలుపోయి మరలివచ్చిరి. విశాఖపట్టణమున కంచరపాలెములోని బర్మా క్యాంపు ఆ కథకు నేటికిని సాక్షి.

ఆ కూలివాడు వేలిముద్ర వేసెను. కాగితములో నేమున్నదో చదువలేకపోయెను. నేటి యువకుడు పట్టభద్రుడు. ఆంగ్లము వచ్చును, కంప్యూటరు వచ్చును. ఐనను ఏమి జరుగుచున్నది? 2024 మే నెలలో విశాఖపట్టణ పోలీసులు బయటపెట్టిన వ్యవహారము స్మరింపుడు. డేటా ఎంట్రీ పని యని చెప్పి ఏజంట్లు మన యువకులను కంబోడియాకు పంపిరి. అచ్చటివారు పాస్‌పోర్టులు లాగికొని, గదులలో బంధించి, ఫోనుద్వారా స్వదేశస్థులనే మోసగించు పనిలో బెట్టిరి. 2025 మార్చి 10, 11 తేదీలలో మన వాయుసేన విమానములు ధాయిలాండులోని మేసోటు నుండి 549 మంది భారతీయులను తీసికొనివచ్చెను. వారిలో తెలుగువారును గలరు. మోయీ నదికి ఆవలి యొడ్డున బర్మాలోని మ్యావడ్డి ప్రాంతపు మోసశాలలనుండి విడుదలయైనవారు వీరు. అట్లు నిర్బంధింపబడి మోసపు పనులు చేయువారు బర్మాలో కనీసము 1,20,000 మంది, కంబోడియాలో నించుమించు లక్షమంది యుందురని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయము 2023లో అంచనా వేసెను. నాటి కూలివాడు తన కండలను మాత్రమే అమ్ముకొనెను; నేటి బందీచేత అన్యుల కష్టార్జితమును దోపించుచున్నారు. ఇది మఱింత ఘోరము.

చదువుకొన్నవారు ఇట్టి వలలో నేల పడుదురని కొందఱు పరిహసింతురు. నా యభిప్రాయము వేఱు. 1983 నాటి ప్రవాస చట్టము ననుసరించి, పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు మొదలగు 18 దేశములకు కొలువునకై పోవలెనన్న ప్రవాసుల సంరక్షకుని అనుమతి పొందవలెను. ఆ యధికారి యజమాని యెవ్వడు, జీతమెంత, ఒప్పందమెక్కడ అని విచారించును. పదవ తరగతి ఉత్తీర్ణునికి ఈ నిర్బంధము లేదు. అతడు తన మేలు తానెఱుగునని చట్టము తలచెను. కంబోడియా, బర్మాలు ఆ పట్టికలోనే లేవు. కనుక మన పాఠశాలలో పొందిన ఆ యోగ్యతాపత్రమే యువకుని ఏ ప్రశ్నయు లేకుండ సరిహద్దు దాటించుచున్నది. చట్టము అడుగక విడిచిన ప్రశ్నలను చదువుకొన్నవాడు తానే అడుగవలెను.

ఆ ప్రశ్నలు కష్టమైనవి గావు. పిలుచువాడెవ్వడు? ప్రభుత్వము వారి ఇ-మైగ్రేట్ జాలస్థలమున నమోదైన ఏజంట్ల పేర్లున్నవి. వారు పుచ్చుకొనదగిన రుసుము పన్ను గాక 30,000 రూపాయలకు మించరాదు. వారిని నమ్మజాలనివారు తెలంగాణ ప్రభుత్వపు సంస్థయగు టామ్‌కామ్‌ను అడుగవచ్చును. ఏ వీసా? 2024 జూలైలో ధాయిలాండు మనవారిని 60 దినములు వీసా లేకయే రానిచ్చెను. అది చూచిపోవుటకేగాని కొలువునకు గాదు. సందర్శకుడుగా బొమ్ము, కొలువుపత్రము తరువాత వచ్చునను ఏజంటు మాట అసత్యమని యెఱుగవలెను. ఏ యూరు? బ్యాంకాకులో ఉద్యోగమని చెప్పి, విమానాశ్రయము నుండి కారును సరిహద్దువైపు పఱపినచో నది ఉద్యోగముగాదు. ఏ పని? టైపింగు వచ్చిన చాలునని చెప్పి, ఇచ్చట అనుభవశాలికి దొరకని జీతము నీయజూపువాడు దేనికి వెల కట్టుచున్నాడో యోచింపవలెను. పాస్‌పోర్టును ఎవ్వరి చేతికిని కుదువవలె నప్పగింపరాదు.

ఇక తలిదండ్రులకొక మనవి. యువకుని తొందరపెట్టునది ఏజంటు మాట యొక్కటియే గాదు. ఇంటి వాయిదాలున్నవి; చెల్లెలి పెండ్లియున్నది; ఉద్యోగము పోయినదని చుట్టములకు చెప్పనేరని సిగ్గున్నది. ఎదురింటి కుఱ్ఱవాడు డాలరులు పంపుచున్నాడని భోజనమువేళ మనమాడు మాటయు నున్నది. అన్నింటికంటె అపాయకరమైనది మఱొకటి. పరాయి విమానాశ్రయమున దిగిన పిదప ఏదో తేడాగా నున్నదని మన పిల్లవానికి తోచినదనుకొనుడు. ఆ క్షణమున అతడు ఇంటికి ఫోను చేయగలడా? అప్పుచేసి పంపితిమి, వట్టిచేతులతో వచ్చెదవా యని మనమందుమేమో యని జంకి, ఎదురుచూచుచున్న కారెక్కును. ఆ జంకును పోగొట్టుట ఏ చట్టమునకును సాధ్యముగాదు. మనకు మాత్రమే సాధ్యము. కావున పంపునప్పుడే, డబ్బు పోయిన బోనిమ్ము, సందేహము గలిగిన వెంటనే మరలి రమ్మని స్పష్టముగా జెప్పి పంపుడు.

పాఠశాలకును ఇందు కర్తవ్యము గలదు. వ్యాసములు వ్రాయుట నేర్పుచున్నాము. ఉద్యోగ ఒప్పందమును చదువుట నేర్పుటలేదు. పదవ తరగతిలో ఏడాదికి రెండు గంటలు ఒక వీసాను, ఒక జీతపుపత్రమును, ఒక పటమును బల్లపై నుంచి చదివించినచో గొప్ప వ్యయమేమియు గాదు. విద్యార్థులారా! మీరు ఏ దేశమునకైన బొండు, కీర్తితో బొండు. కాని సంతకము చేయుటకు ముందు ఆ కాగితమును తుదివఱకు చదువుడు. అర్థముగానిచో, మీ గురువులు ఇచ్చటనే యున్నారు; వచ్చి యడుగుడు.