పెరటి కబుర్లు: చీమ ఎందుకొచ్చిందో చూశారా?

మే నెలాఖర్లో ఒకరోజు పొద్దున్నే ఏడింటికి మా అమ్మాయి ఫోన్ చేసింది. ఇండియానాపొలిస్‌లో వాళ్ళకప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. వేళ కాని వేళ ఫోనొస్తే ఏ తల్లికైనా గుండె గతుక్కుమంటుంది కదా! "గాబరా పడకమ్మా, ఏం కాలేదు. మా పియోనీ మొగ్గల నిండా చీమలు పట్టినయ్. రేపు ఏదన్నా స్ప్రే తెచ్చి కొడదామనుకుంటున్నా. ఏ మందైతే మంచిది?" అంది.

పియోనీని మన దగ్గర చూసినవాళ్ళు తక్కువ. చలికాలమంతా నేలలో నిద్రపోయి, మంచు కరిగాక మొలకెత్తి, మే, జూన్ నెలల్లో పూస్తుంది. మొగ్గ నిమ్మకాయంత ఉంటుంది. విచ్చుకుంటే మన ముద్దమందారానికి పెద్దక్కలా ఉంటుంది, రేకుల మీద రేకులు. గట్టి చలి తగలకపోతే పుయ్యదు కాబట్టి మన నల్లగొండ, పాలమూరు ఎండల్లో పెంచుకుందామన్నా కుదరదు. ఇండియానాలో మాత్రం ఇంటింటా ఉంటుందట. 1957 నుంచి ఆ రాష్ట్ర పుష్పం కూడా అదే. మా అమ్మాయి వాళ్ళ ఇంట్లో అంతకుముందున్నవాళ్ళు నాటిన మొక్కలివి.

వాళ్ళింట్లో అప్పటికే రెండు పార్టీలు తయారయ్యాయి. చీమలు మొగ్గల్ని తినేస్తున్నాయని మా అల్లుడు. చీమలు నాకితేనే మొగ్గ విచ్చుకుంటుందని పక్కింటావిడ. నిజానికి ఇద్దరిదీ పొరపాటే. పియోనీ మొగ్గను కప్పి ఉండే పచ్చని రక్షక పత్రాల మీద తియ్యటి ద్రవం ఊరుతుంది. చీమలు దానికోసం వస్తాయి, నాకుతాయి, పోతాయి. మొగ్గను కొరకవు. అవి లేకపోయినా మొగ్గ తన సమయానికి తాను విచ్చుకుంటుంది. పైగా అవి తిరుగుతున్నంతసేపూ మొగ్గను తినే పురుగులు కాస్త వెనకాడతాయి.

"ఆగు బిడ్డా, ఏ మందూ కొట్టకు" అన్నాను. అంత గట్టిగా ఎందుకన్నానో దానికి తెలుసు. మీకూ చెప్పాలి.

పొట్లంలో మందు

నాలుగేళ్ళ కిందటి మాట. మా తులసి గద్దె పక్కన ఎర్ర మందారం ఉంది. దాని కొమ్మల మీద చీమల బారు మొదలైంది. పూజకు పువ్వు కోస్తే చేతి నిండా చీమలే. విసుగొచ్చి, బజారుకెళ్ళి "గమాక్సిన్ ఇవ్వండి" అని అడిగాను. చిన్నప్పటి అలవాటు, ఆ పేరే నోటికొచ్చింది. ఆ పేరుతో వచ్చిన బి.హెచ్.సి. పొడిని మన దేశంలో 1997లోనే నిషేధించారు. దుకాణదారు ఏదో తెల్లపొడి పాత కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. అదేమిటని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. మొదలు నుంచి చివరిదాకా దులిపేశాను. సాయంత్రానికి చీమ ఒక్కటి లేదు. నా అంత తెలివైనదాన్ని నేనే అనుకున్నాను.

మర్నాడు మా మనవడు, అప్పుడు నాలుగేళ్ళు వాడికి, మందారం పువ్వు తెంపి అడుగున తేనె పీల్చాడు. చిన్నప్పుడు మనమంతా చేసిన పనే. రాత్రికి వాంతులు మొదలయ్యాయి. ఆస్పత్రికి పరుగెత్తాం. డాక్టరు మొదట అడిగిన ప్రశ్న, "ఏ మందమ్మా? డబ్బా మీద ఏం రాసుంది?" అని. నా దగ్గరున్నది పాత న్యూస్‌పేపరు ముక్క. దాని మీద సినిమా ప్రకటన తప్ప మరేమీ లేదు. నా కొడుకు, కోడలు నన్నొక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

రెండు రోజుల తర్వాత వాడు నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. మందారం కింద ఊడుస్తుంటే చచ్చిన అక్షింతల పురుగులు కనిపించాయి, ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలుండేవి. పదిహేను రోజులు గడిచేసరికి చీమల బారు మళ్ళీ వచ్చింది. ఈసారి కొమ్మల సందుల్లో తెల్లటి దూది ఉండలు కూడా, మునుపటికి రెట్టింపు!

అప్పుడు మా పక్కింటి అవ్వ గోడ మీది నుంచి చూసి అడిగింది. వాళ్ళది దేవరకొండ దిక్కు, బత్తాయి తోట పెంచిన చెయ్యి. "చీమల్ని జంపితే ఏమొస్తది బిడ్డా? అవి దేనికొచ్చినయో ఆకు తిప్పి సూసినవా?"

చూడలేదు. అక్కడే ఉంది అసలు సంగతి.

ఆకు తిప్పి చూస్తే

మొక్క మీద చీమ కనబడిందంటే మూడింటిలో ఒక కారణం ఉంటుంది.

మొదటిది, మొక్కే పిలవడం. పియోనీ సంగతి ఇదే. పువ్వులో కాకుండా ఆకుల దగ్గర, మొగ్గల మీద తేనె ఊరే మొక్కలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. మన రెండు జిల్లాల మెట్టపొలాల్లో ఆముదం చేను చూడని వాళ్ళుంటారా? ఈసారి ఆముదం ఆకు తొడిమ, ఆకుతో కలిసే చోట పరీక్షగా చూడండి. చిన్న చిన్న బొడిపెలుంటాయి. అవి తేనె గ్రంథులు. పత్తి ఆకు వెనక నడిమి ఈనె మీద, బొబ్బర్లలో పూకాడ మీద కూడా ఉంటాయి. తంగేడైతే ఆకు జతల మధ్య నిలువుగా నిలబడ్డ సన్నని గ్రంథులు కనిపిస్తాయి. బతుకమ్మకు తంగేడు కోసేటప్పుడు చీమలు ఎందుకు కుడతాయో ఇప్పుడర్థమైందా! ఇండియానా రాష్ట్ర పుష్పానికీ, మన తెలంగాణ రాష్ట్ర పుష్పానికీ చీమలతో ఇలా చుట్టరికం కలిసింది.

ఈ తేనె ఒక రకంగా కావలివాడికిచ్చే జీతం. తేనె కోసం తిరిగే చీమలు, దారిలో కనబడ్డ గొంగళి పురుగు గుడ్లనూ, పిల్ల పురుగులనూ తీసుకుపోతాయి. ఇలాంటి మొక్క మీద ఆకులు, మొగ్గలు శుభ్రంగా ఉండి చీమలు మాత్రమే తిరుగుతుంటే, ఏమీ చెయ్యనక్కర్లేదు.

రెండోది, పురుగు పిలవడం. మా మందారానిది ఇదే. ఆ తెల్లటి దూది ఉండలు పిండినల్లి. చిక్కుడు తీగ కొసల మీద నల్లగా గుంపులుగా ఉండేది పేనుబంక. ఇవి మొక్క రసం పీల్చి, తియ్యటి జిగురు విసర్జిస్తాయి. ఆ జిగురు కోసం వచ్చిన చీమలు, మనం పాడి గేదెను చూసుకున్నట్టు వాటిని చూసుకుంటాయి. వాటిని తినడానికొచ్చిన అక్షింతల పురుగును తరిమేస్తాయి. ఒక్కోసారి పిల్ల పురుగులను మోసుకెళ్ళి కొత్త కొమ్మ మీద దింపుతాయి కూడా. కింది ఆకుల మీద జిగురు, దాని మీద మసిలా నల్లటి బూజు కనిపిస్తే ఇదేనని ఖాయం చేసుకోండి. నల్లగొండ బత్తాయి తోటల్లోనూ, బాలానగర్ పేరు దేశమంతా మోసిన పాలమూరు సీతాఫలంలోనూ రైతుల్ని విసిగించేది ఈ జంటే.

మూడోది, పొడి మట్టి. కుండీలో చీమలు పుట్ట పెట్టాయంటే చాలాసార్లు మట్టి బాగా ఎండిపోయిందని అర్థం. మొక్కను కాదు, పొడి ఇల్లును వెతుక్కుంటూ వచ్చాయన్నమాట.

ఏ కారణమో తెలియకుండా పొడి చల్లితే నాలాగే అవుతుంది. చీమ పోతుంది, దాన్ని పిలిచిన పురుగు ఉండిపోతుంది. ఆ పురుగును తినే మిత్రపురుగు కూడా పోతుంది.

ఇది పెద్ద ఎత్తున కూడా నిరూపణ అయిన సంగతే. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బొప్పాయి పిండినల్లి అనే విదేశీ పురుగు మన దేశంలో మొదట కనిపించింది. బొప్పాయిలు, మల్బరీ, మందారాలు అన్నీ తెల్లబడిపోయాయి. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. చివరికి 2010లో ప్యూర్టోరికో నుంచి మూడు రకాల అతి చిన్న కందిరీగ జాతి పురుగులను తెప్పించి వదిలారు. అవి పిండినల్లిలో గుడ్లు పెడతాయి. రసాయనాల వల్ల కానిది వాటివల్ల అయింది. అయితే ఇలాంటి మిత్రపురుగులు పని చెయ్యాలంటే మందులు ఆపాలి, చీమల కాపలా తప్పించాలి. అవ్వ గోడ మీది నుంచి చెప్పిందీ ఇంచుమించు ఇదే!

ఏం చెయ్యాలంటే...

ముందుగా పిండినల్లి, పేనుబంకల పని పట్టండి. బాగా పట్టిన కొసలు కత్తిరించి, కవర్లో వేసి మూట కట్టి పారెయ్యండి. పెంటకుప్ప మీద వేస్తే మళ్ళీ పాకుతాయి. మిగతా వాటిని పొద్దున పూట పైపు నీళ్ళతో గట్టిగా కొట్టి రాల్చండి. ఆకు వెనక కూడా తగలాలి. తర్వాత లీటరు నీటిలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కొద్దిగా సబ్బు ద్రావణం వేసి, ఎండ తగ్గాక పిచికారీ చెయ్యండి. వారానికోసారి మూడు నాలుగు వారాలు పడుతుంది. ముందు ఒక కొమ్మ మీద కొట్టి, ఆకు మాడడం లేదని చూసుకోండి. కుండీల్లో ఒకటి రెండు ఉండలే ఉంటే, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే చాలు.

చీమల దారి కూడా మూసెయ్యాలి. కాండం చుట్టూ జానెడు వెడల్పు ప్లాస్టిక్ షీటు బిగించి, దాని మీద గ్రీజు పూయండి. బెరడు మీద నేరుగా పూయకండి, చెట్టుకు మంచిది కాదు. గోడకో పక్క చెట్టుకో తగిలే కొమ్మలుంటే కత్తిరించండి, లేకపోతే చీమలు ఆ వంతెన మీదుగా వస్తాయి. కుండీ స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టండి. పూర్వం పాలగూడు కాళ్ళ కింద పెట్టేవాళ్ళం గుర్తుందా, అదే ఉపాయం. దోమలు చేరకుండా నీళ్ళు రెండ్రోజులకోసారి మార్చండి. పసుపు గీత కాసేపు ఆపుతుంది కానీ గాలికీ, నీటికీ చెదిరిపోతుంది.

కుండీలో పుట్ట ఉంటే, కుండీని బకెట్ నీళ్ళలో అరగంట ఉంచండి. మట్టి నానితే చీమలు గుడ్లు మోసుకుని తామే ఖాళీ చేస్తాయి. తర్వాత మట్టి మరీ ఎండనివ్వకండి.

ఇల్లంతా చీమలై, తప్పనిసరైతే బోరిక్ పౌడరు ఎర పెట్టవచ్చు. గ్లాసుడు నీళ్ళలో ఐదు చెంచాల చక్కెర, అర చెంచా బోరిక్ పౌడరు. ఎక్కువ వేస్తే లాభం లేదు. చీమ దారిలోనే చస్తుంది, గూటికి మోసుకెళ్ళదు. ఆ నీళ్ళలో ముంచిన దూదిని, చీమ పట్టేంత చిల్లులు పెట్టిన మూత డబ్బాలో ఉంచండి. పిల్లలకూ, కుక్కలకూ, పిల్లులకూ అందని చోట మాత్రమే సుమా! డబ్బా మీద పేరు రాయండి.

ఏ మందైనా సరే, పేరున్న ప్యాకెట్లోనే కొనండి, ప్యాకెట్ పారెయ్యకండి. పొరపాటున ఎవరి నోట్లోనైనా పడితే, సొంతంగా వాంతి చేయించకుండా ప్యాకెట్‌తో సహా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. పూజకు కోసే పువ్వుల మీదా, వంటకు కోసే చిక్కుడు మీదా పొడి మందు చల్లకండి. ఈ మాట చెప్పడానికి నాకు హక్కుందనుకుంటాను.

తంగేడు బుట్ట

మా అమ్మాయి మందు కొట్టలేదు. మొగ్గ కాస్త మెత్తబడి, రంగు కనిపించగానే కోసి, దులిపి, చల్లటి నీళ్ళలో ఒకసారి ముంచి తీసి ఇంట్లో పెట్టుకోమన్నాను. వారం తర్వాత ఫొటో పంపింది. భోజనాల బల్ల మీద గాజు సీసాలో ఐదు గులాబి రంగు పువ్వులు. కింద రాసింది: "ఒక్క చీమ మిగిలింది. కాగితం మీద ఎక్కించుకుని మీ అల్లుడే బయట వదిలొచ్చాడు."

భాద్రపద అమావాస్యకు ఎంగిలిపూల బతుకమ్మ వస్తుంది. ఆడపిల్లలు బుట్టలతో తంగేడు కోసం బయల్దేరతారు. పువ్వులు తెచ్చాక నీడన పాత చీర మీద పరిచి, రెండుసార్లు దులిపి ఓ గంట వదిలెయ్యండి. చీమలు వాటంతట అవే దిగిపోతాయి. బుట్టలో పొడి చల్లకండి. ఆ పువ్వులు పేర్చేది మన చేతులతోనే, చివరికి కలిపేది మన చెరువులోనే.

మా మనవడికిప్పుడు ఎనిమిదేళ్ళు. పొద్దున్నే నేను బియ్యప్పిండితో ముగ్గు వేస్తుంటే పక్కన కూర్చుని, ఏ చీమ ఎటు మోసుకెళ్తోందో చూస్తుంటాడు. మొన్న అడిగాడు, "నానమ్మా, ముగ్గేసి పిలుస్తవు, మందేసి చంపుతవు, ఎందుకు?" అని. ఇప్పుడు చంపట్లేదు కదరా అన్నాను. మందారం దగ్గరికి తీసుకెళ్ళి ఆకు తిప్పి చూపించాను. తెల్ల ఉండలేమీ లేవు. ఆకు వెనక ఒక అక్షింతల పురుగు మాత్రం ఉంది. దాన్ని అక్కడే ఉంచేశాం.