ఒక వైపుకు ఒరిగే దేహం

మధురవాడ నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం గత నెలలో ఈ శీర్షికకు అందినది. రెండేళ్ళ క్రితం రొమ్ము క్యాన్సర్ కారణంగా ఆమె ఎడమ వక్షోజాన్ని పూర్తిగా తొలగించారు. అల్లాహ్ దయ వలన వ్యాధి మళ్ళీ కనిపించలేదు. "కార్‌షెడ్ కూడలిలో బస్సెక్కి నిలబడితే చిన్న కుదుపుకే ఒక వైపుకు తూలిపోతున్నాను. రుకూలో వీపు సమంగా నిలవడం లేదు. సాయంత్రానికి మెడ, ఎడమ భుజం పట్టేస్తున్నాయి. ఇంప్లాంట్ పెట్టించుకుంటే అన్నీ సర్దుకుంటాయని మా అమ్మాయి అంటున్నది. ఈ వయసులో అలంకారమెందుకు, అది ధర్మసమ్మతం కాదని మా అత్తగారు అంటున్నారు. నేను ఎవరి మాట వినాలి?" అని ఆమె అడిగారు.

సోదరీ, ముందుగా ఒక మాట. రెండేళ్ళ క్రితం క్యాన్సర్ వచ్చిన వారిలో మెడ లేదా వీపు నొప్పి తగ్గకుండా ఉన్నా, రాత్రివేళ ఎక్కువవుతున్నా, దానిని కూర్చునే తీరు వలన వచ్చినదని ఇంట్లోనే తేల్చుకోకూడదు. మీకు చికిత్స చేసిన వైద్యులకు చూపించి, ఎముకలకు ఏ హానీ లేదని నిర్ధారించుకున్న తరువాతనే మిగిలిన ప్రయత్నాలు చేయాలి.

ఇక మీరు చెప్పిన తూలుడు భ్రమ కాదు. కొన్ని వందల గ్రాముల బరువు ఒక వైపు నుండి తొలగిపోయినప్పుడు, వెన్నుకు ఇరుపక్కలా ఉండే కండరాలు కొత్త లెక్కకు అలవాటుపడవలసి వస్తుంది. బరువు కన్నా ముఖ్యమైన కారణం మరొకటి ఉన్నది. శస్త్రచికిత్స మచ్చ, రేడియేషన్ కలిసి ఛాతీ చర్మాన్ని, కండరాన్ని బిగుతుగా చేస్తాయి. నొప్పికి భయపడి చేతిని దేహానికి హత్తుకొని ఉంచుతాము. లోటు కనబడకూడదని ఓణీ క్రింద భుజాన్ని ముందుకు వంచుతాము. భుజం ముందుకు వస్తే తల కూడా ముందుకు వస్తుంది. ఆ భారమంతా మెడ మోయవలసి వస్తుంది. చంకలోని గ్రంథులను తీసివేసిన వారిలో కొందరికి చేయి వాచి, అదొక అదనపు బరువు అవుతుంది.

ఇంప్లాంట్ వీటన్నిటినీ సరిచేస్తుందా? అది ఆకారాన్ని తిరిగి ఇస్తుంది, కొంతవరకు బరువును సమం చేస్తుంది. బిగిసిన కండరాన్ని మాత్రం అది సడలించదు. చాలా సందర్భాలలో దానిని ఛాతీ కండరం క్రిందనే అమర్చుతారు కనుక, వ్యాయామం లేకపోతే భుజం మరింత బిగుసుకోవచ్చు. సిలికాన్ ఇంప్లాంట్‌ను మొదటిసారి అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో 1962లో అమర్చారు. నేటికీ అది జీవితాంతం ఉండే వస్తువు కాదు. చుట్టూ ఏర్పడే పొర గట్టిపడితే మళ్ళీ శస్త్రచికిత్స అవసరం కావచ్చు. గరుకు ఉపరితలం గల ఒక రకాన్ని అరుదైన క్యాన్సర్ కారణంగా 2019లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు.

సొంత కణజాలంతో చేసే పునర్నిర్మాణమూ ఉన్నది. వీపు కండరాన్ని తెచ్చి అమర్చితే భుజబలం కొంత తగ్గవచ్చు. పొట్ట కండరాన్ని తీస్తే సజ్దా నుండి లేవడం కొంతకాలం కష్టం కావచ్చు. కండరాన్ని తీయకుండా చర్మాన్ని, కొవ్వును మాత్రమే తెచ్చే పద్ధతిలో ఈ నష్టం తక్కువ. "నేను రోజుకు ఐదు పూటలా వంగి లేవాలి" అని వైద్యునికి స్పష్టంగా చెప్పండి. పద్ధతిని ఎంచుకునేటప్పుడు ఆయనకు తెలియవలసిన విషయమది.

శస్త్రచికిత్స లేని మార్గం ముందు ప్రయత్నించదగినది. లోదుస్తులలో ధరించే సిలికాన్ కృత్రిమ వక్షోజం రెండవ వైపు బరువుకు సరిపోయేలా దొరుకుతుంది. దూది నింపినది ఆకారాన్నిస్తుంది గాని బరువును సమం చేయదు. దీనితోపాటు ఫిజియోథెరపిస్టు సలహాతో వ్యాయామాలు చేయండి. గోడకు మడమలు, పిరుదులు, భుజపు రెక్కలు ఆనించి నిలబడటం, గోడపై వేళ్ళతో మెల్లగా పైకి పాకించడం, రెండు భుజపు రెక్కలను వెనుకకు దగ్గరచేసి వదలడం, కుర్చీ పట్టుకొని ఒక కాలిపై నిలబడటం వంటివి రోజూ పది నిమిషాలు చేస్తే చాలు. చేయి వాచినా, నొప్పి పెరిగినా ఆపి వైద్యుని అడగండి. టాటా మెమోరియల్ సెంటర్‌కు చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మీ నగరంలోనే, మరో చివర అగనంపూడిలో ఉన్నది. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే, మీకు కావలసిన చికిత్స అందులో వర్తిస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకోండి.

ఇక మీ అత్తగారి సందేహం. అర్ఫజా బిన్ అస్అద్ (రజి) గారి ముక్కు ఒక యుద్ధంలో తెగిపోయినది. వెండి ముక్కు పెట్టించుకుంటే దుర్గంధం వచ్చినది. అప్పుడు దైవప్రవక్త (స) పురుషులకు నిషిద్ధమైన బంగారంతోనే ముక్కు చేయించుకొమ్మన్నారు. కోల్పోయిన దానిని తిరిగి పొందడం సృష్టిని మార్చడం కాదని ధర్మవేత్తలు ఈ సంఘటన నుండే గ్రహించారు. అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్‌హ్ అకాడమీ 2007లో మలేషియాలోని పుత్రజాయలో జరిపిన సమావేశంలో, తొలగించిన వక్షోజాన్ని పునర్నిర్మించుకోవడం సమ్మతమేనని తీర్మానించినది. ఏ వ్యాధీ లేకుండా కేవలం మోజు కొద్దీ దేహాన్ని మార్చుకోవడాన్ని మాత్రం అది అనుమతించలేదు. ఆ మోజుకు దేహం కూడా మూల్యం చెల్లిస్తుంది. 300 మిల్లీలీటర్ల ఇంప్లాంట్ సుమారు 300 గ్రాములు తూగుతుంది. రెండు వైపులా కలిపితే 600 గ్రాములు. బిందెను చంకన పెట్టుకున్నప్పటి కన్నా చేయి చాచి ముందు పట్టుకుంటే ఎంత బరువనిపిస్తుందో, వెన్నుకు ముందు వ్రేలాడే భారమూ అంతే.

కనుక సోదరీ, మీ అమ్మాయి కోరినది తప్పు కాదు. కాని అదే మొదటి మెట్టు కాదు. మీ అత్తగారి భయభక్తులూ మంచివే. కాని మీ నొప్పి అలంకారం గురించినది కాదు. ఈ పుటను వారిద్దరి చేత చదివించండి. అంతవరకు నిలబడలేని పూట కూర్చొని నమాజు చేయండి. ఆ సౌలభ్యాన్ని మీకు ఇచ్చినది అల్లాహ్‌యే.