నేలలో ఇంకిన నూనె

ఊరి నడుమనున్న పాత మోటారు మరమ్మతు షెడ్డొకటి మూతపడినదనగా జనులకు మొదట తోచునది ఆ స్థలము గజమెంత పలుకునన్న ప్రశ్న. షెడ్డు కూల్చుదురు, తుక్కు అమ్ముదురు, ఎఱ్ఱమట్టి పఱచి చదును చేయుదురు, హద్దురాళ్లు పాతుదురు. అనతికాలములో అచ్చట ఇండ్లు లేచును. ఇంటింటను బోరుబావి పడును. ఆ నేలలో ఏమి యింకియున్నదని విచారించువారు మాత్రము అరుదు. దస్తావేజులో నాలుగు దిక్కుల సరిహద్దులు వ్రాయుదుము గాని, క్రింది దిక్కును గూర్చి ఒక్క పంక్తియైన వ్రాయము.

ఆ క్రింది దిక్కుననే ప్రమాదము దాగియుండును. ఇంజనునుండి దింపిన పాతనూనె, గ్రీజు కడుగు ద్రావకములు, బ్యాటరీలలోని ఆమ్లము, సీసము ఏండ్ల తరబడి గచ్చు పగుళ్లగుండ నేలలోనికి దిగుచుండును. భూమిలో పాతిన పెట్రోలు తొట్టి తుప్పుపట్టి కారినను పైనున్నవారికి తెలియదు. పెట్రోలు నీటికంటె తేలిక యగుటచే భూగర్భజలముపై తెట్టవలె తేలును. అందలి బెంజీను నీట కరగి ముందుకు సాగును. గ్రీజు వదలించుటకు వాడు ట్రైక్లోరోఎథిలీన్ నీటికంటె బరువైనది; అది అడుగునకు దిగి దశాబ్దములు నిలువగలదు. ఈ రెండును క్యాన్సరు కారకములని శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. షెడ్డుకు తాళము వేసినంతమాత్రమున ఈ విషముల ప్రయాణము ఆగదు.

ఇది ఊహించిన భయము కాదు. అమెరికాలోని ఉత్తర కరొలీనా రాష్ట్రమున లెజూన్ శిబిరమను మెరీను సైనికస్థావరము కలదు. అందలి హాడ్నాట్ పాయింటు భాగమున మరమ్మతు శాలలు, పెట్రోలు తొట్లు, గిడ్డంగులు ఉండెను. తొట్లనుండి కారినదియు, శాలలలో ఒలికినదియు, గోతులలో పాఱబోసినదియు భూమిలో చేరి, సైనికులును వారి బిడ్డలును త్రాగు నీటిబావులను చెఱచెను. 1980 అక్టోబరులోనే పరీక్షకులు నీటియందు దోషము కలదని హెచ్చరించిరి. 1982 మే నెలలో కొళాయి నీట లీటరుకు 1,400 మైక్రోగ్రాముల ట్రైక్లోరోఎథిలీన్ కనబడెను. ఆ దేశము తరువాత విధించిన పరిమితి 5 మాత్రమే. ఐనను చెడిన బావులను మూయ నారంభించినది 1984 నవంబరున. నాటికి పరిమితి విధించిన శాసనము లేదుగదా యని అధికారవర్గము సమర్థించుకొనెను. శాసనములో అంకె లేనంతనే విషము అమృతమగునా? బాధితులకు వైద్యసహాయము కల్పించు శాసనము 2012లోను, నష్టపరిహారమునకై న్యాయస్థానము నాశ్రయించు హక్కు 2022లోను గాని లభింపలేదు. ఆ కొళాయి పరీక్షకును ఈ హక్కునకును నడుమ నలువది యేండ్లు గడచెను.

పరీక్షయనగా సీసాడు నీరు పట్టి ప్రయోగశాలకు పంపుట కాదు. తొలుత ఆ స్థలము చరిత్ర చదువవలెను. తొట్టి ఎచ్చట పాతిరి? వాహనములు కడిగిన గుంట యేది? పాతనూనె డ్రమ్ములు ఏ మూల నుంచిరి? ఈ ప్రశ్నలకు పటములకంటె, అచ్చట పనిచేసిన ముసలి మెకానిక్కు మేలైన సమాధానము చెప్పగలడు. పిమ్మట ఆ చోట్ల వేర్వేరు లోతులనుండి మట్టి తీసి పరీక్షింపవలెను. భూగర్భజలము ఏ వైపునకు పాఱుచున్నదో తెలియుటకు ఒకే వరుసలో లేని మూడు బావులైనను కావలెను. అది తెలిసినగాని ఎవరి బావికి ప్రమాదమో తేలదు. వానలకు ముందును, వానలు వెలిసిన పిదపను కొలిచి చూడవలెను. ఒక్క లీటరు ట్రైక్లోరోఎథిలీన్ సుమారు 29 కోట్ల లీటర్ల నీటిని ఆ 5 మైక్రోగ్రాముల పరిమితికి చేర్చుటకు చాలును. కావున కంటికిని ముక్కునకును తోచలేదని నిశ్చింతగా నుండరాదు.

2025 జూలైలో కేంద్రప్రభుత్వము, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టముక్రింద, కలుషితస్థలముల నిర్వహణ నిబంధనలను ప్రకటించెను. అనుమానింపదగిన స్థలములను స్థానికసంస్థలు గాని జిల్లా యధికారులు గాని గుర్తింపవలెను. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పరీక్షింపవలెను. కలుషితపఱచినవారు వ్యయము భరింపవలెను. ప్రజలును ఫిర్యాదు చేయవచ్చును. నిబంధన మంచిదే. కాని న్యాయస్థానములందు మేము నేర్చిన పాఠమొకటి కలదు: అడుగువాడు లేని హక్కు చెదలు తిను దస్తావేజు వంటిది.

పరీక్షల పేర చిన్న మెకానిక్కుల పొట్టకొట్టుదురాయని కొందరు అడుగవచ్చును. ఆ విషము మొదట తగులునది ఆ మెకానిక్కు చేతులకే. ఐనను భారము ముందుగా పడవలసినది అతనిపై గాదు. పెద్ద డిపోలపైనను, ప్రభుత్వ వర్కుషాపులపైనను, ఆ స్థలములను కొని లాభము పొందువారిపైనను.

మేము కోరునది స్వల్పము. పాత మరమ్మతు షెడ్డున్న స్థలమున మట్టియు నీరును పరీక్షింపక ఇండ్లకు అనుమతి నీయరాదు. ఫలితములను తెలుగున వ్రాయించి మునిసిపలు కార్యాలయమునను, ప్రతి పఠనమందిరమునను అంటింపవలెను. చుట్టుపట్ల బావులు గలవారికి ఇంటికి పోయి తెలుపవలెను. కౌన్సిలరులు ఈ విషయమును తామై యెత్తుకొనకున్న, పౌరులు పదిమంది సంతకములతో అర్జీ పెట్టుకొనవలెను. లెజూనులో పరీక్ష జరుగకపోలేదు. జరిగిన పరీక్ష నీరు త్రాగువారి చెవిని పడలేదు. మన యూళ్లలో ఆ తప్పు మరల జరుగనీయరాదు.