డిగ్రీ పరిశోధనకూ ఒక పత్రిక కావాలి

1906లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతుండగానే సి.వి. రామన్ కాంతి వివర్తనంపై రాసిన తొలి పరిశోధన పత్రం లండన్‌లోని 'ఫిలసాఫికల్ మ్యాగజైన్'లో వెలువడింది. ఆయనకు 18 ఏళ్లు నిండిన ఏడాది అది. రామన్ వంటివారు తమ దారి తామే వెతుక్కుంటారు. మిగతా విద్యార్థులకు ఆ దారిని విశ్వవిద్యాలయాలే వేయాలి.

యూజీసీ 2022 చివర్లో ప్రకటించిన నాలుగేళ్ల డిగ్రీ విధానంలో, తొలి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారు నాలుగో ఏడాది పరిశోధనను ఎంచుకోవచ్చు. మార్కులు పడగానే ఆ ప్రాజెక్టు నివేదిక బీరువాలోకి చేరితే ప్రయోజనమేముంది? ఢిల్లీ విశ్వవిద్యాలయం 2015లోనే డిగ్రీ విద్యార్థుల పరిశోధనల కోసం ప్రత్యేక పత్రిక ప్రారంభించింది. మిగతావీ ఆ బాట పట్టాలి.

అయితే పత్రాల సంఖ్య పెంచుకోవడానికి మాత్రం కాదు. డబ్బు కడితే ఏదైనా అచ్చువేసే బూటకపు పత్రికలకు ఇప్పటికే కొదవ లేదు. సమీక్షకులు లోపాలు ఎత్తిచూపితే విద్యార్థి మళ్లీ కొలతలు తీసుకుని సరిదిద్దుకోవాలి. పరిశోధన అంటే ఏమిటో అప్పుడే తెలుస్తుంది. ఆశించిన ఫలితం రాని ప్రయోగానికీ అందులో చోటుండాలి. లేకుంటే మరుసటి ఏడాది ఇంకో విద్యార్థి అదే ప్రయోగాన్ని మళ్లీ మొదటినుంచి మొదలుపెడతాడు.